వాళ్లది విహారయాత్ర కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మోర్మన్ మిషనరీ కుర్రాళ్ల మీద, అంటే అమెరికాలోని యూటా కేంద్రంగా ఉన్న మోర్మన్ అనే క్రైస్తవ సంఘం తరఫున మతప్రచారానికి (దాన్నే 'మిషన్' అంటారు) వెళ్లే పిల్లల మీద వచ్చిన వ్యాసం చదివి ఇన్నాళ్లయినా మనసు కుదుటపడలేదు. మరుసటి వారం సవరణ వేస్తారని చూశాను. వేయలేదు సరికదా, దాన్ని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరం వేశారు. అందుకే ఇంత ఆలస్యంగానైనా రాయక తప్పడం లేదు.

ముందు ఆ ఫొటో సంగతి. సగం పేజీ నిండా గడ్డాల మనుషులు, గడ్డి టోపీలు, గుర్రపు బండి. వాళ్లు ఆమిష్ జనమండీ! పెన్సిల్వేనియా, ఒహాయోల్లో వ్యవసాయం చేసుకుంటూ కార్లకూ కరెంటు లైన్లకూ దూరంగా బతికేవాళ్లు. మోర్మన్లు వేరు, వాళ్లు వేరు. మిషనరీ కుర్రాడంటే నున్నగా గీసుకున్న గడ్డం, తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ల. మేముండేది యూటా రాష్ట్రంలోని లీహై ఊళ్లో. ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీ ఆఫీసు నుంచి ఎవరైనా ఒక్కరికి ఫోన్ చేసినా చెప్పేవాళ్లం.

"చర్చి ఖర్చుతో రెండేళ్ల విదేశీ విహారం, చేతినిండా జీతం" అని రాశారు. జీతం లేదు. పైపెచ్చు వాళ్లే ఎదురు కట్టుకుంటారు. అమెరికా నుంచి వెళ్లే ఒక్కొక్కరికీ నెలకు 500 డాలర్లు ఆ పిల్లలో, కన్నవాళ్లో సంఘానికి కట్టాలి. 2020 జూలైకి ముందు అది 400. ఖరీదైన జపాన్ వెళ్లినా, బొలీవియా వెళ్లినా అదే లెక్క. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. మా పక్కింటి చిన్నబ్బాయి బడికి వెళ్లే వయసు నుంచే వీధిలో వాళ్లకీ వీళ్లకీ గడ్డి కోసి, చలికాలం వాకిళ్లలో మంచు ఎత్తి ఆ డబ్బు పోగేసుకున్నాడు. మా వాకిలి శుభ్రం చేసినందుకు నేనిచ్చిన నోట్లు నా కళ్ల ముందే ఒక గాజు సీసాలో వేసేవాడు. సీసా మీద 'మిషన్' అని స్కెచ్ పెన్నుతో రాసుకున్నాడు. అలాంటి పిల్లవాణ్ణి పట్టుకుని చర్చి సొమ్ముతో షికార్లు తిరుగుతున్నాడని రాస్తే ఒళ్లు మండదా?

ఏ దేశం వెళ్లాలో వాళ్లు కోరుకోవడానికి లేదు. దరఖాస్తు పెట్టుకుంటే సంఘం పెద్దలే ఊరు నిర్ణయించి కబురు పంపుతారు. ఆ కబురు విప్పే సాయంత్రం మమ్మల్నీ పిలిచారు. నేను పులిహోర చేసి తీసుకెళ్లాను. గోడకు ప్రపంచ పటం తగిలించి వచ్చినవాళ్లందరి చేతా ఊహించిన చోట గుండుసూది గుచ్చించారు. వాళ్ల తాతగారైతే వీడియోలో కనబడుతూ, ఇక్కడ గుచ్చండి, అక్కడ గుచ్చండి అని ఒకటే హడావిడి. ఫిలిప్పీన్స్ అని వచ్చింది. సెబువానో భాష నేర్చుకోవాలి. ఇక్కడికి దగ్గర్లోని ప్రోవోలో ఉన్న సంఘం శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు ఆ భాషతో కుస్తీ పట్టి విమానమెక్కాడు. ఇల్లు దాటి ఎన్నడూ ఒంటరిగా ఉండని పిల్లవాడు!

అక్కడ రోజు ఎలా గడుస్తుందో వాళ్లమ్మ నాకు అతని ఉత్తరాలు చదివి వినిపించేది. పొద్దున ఆరున్నరకు లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, టిఫిన్. తర్వాత గ్రంథపఠనం, భాషా సాధన. పదింటికల్లా బయటపడితే రాత్రి తొమ్మిది దాకా తిరగడమే. పదిన్నరకు దీపాలు ఆర్పాలి. దేశాన్నిబట్టి వేళలు కాస్త అటూ ఇటూ అవుతాయంతే. ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి, ఒకరి కంటికి ఒకరు కనబడాలి. ఆ రెండోవాడు ఎవరన్నది కూడా పైవాళ్లే నిర్ణయిస్తారు. ఇద్దరికీ పడినా పడకపోయినా మళ్లీ బదిలీలు వచ్చేదాకా ఒకే గది, ఒకే వంట. సినిమాలు లేవు, ఈత లేదు, ఆడపిల్లలతో స్నేహాలు లేవు. ఫోను ఉన్నా పనికే. మొహం మీదే తలుపు వేసేవాళ్లు, నవ్విపోయేవాళ్లు సరేసరి. ఒక్కరూ కూర్చుని వినని రోజులే ఎక్కువని అతనే రాశాడు.

వారానికి ఒక్క రోజు సొంత పనులకు వదులుతారు. బట్టలుతుక్కోవడం, బజారు, క్షవరం, ఇంటికి ఉత్తరం, అన్నీ ఆ రోజే. అక్కడ వాషింగ్ మెషీన్ లేదు, బకెట్టే. తెల్ల చొక్కా మెడపట్టీకి పట్టిన మట్టి వదలడం లేదని రాస్తే వాళ్లమ్మ నన్నడిగింది. తడిపి, బట్టల సబ్బు బాగా పట్టించి, పావుగంట వదిలేసి బ్రష్షుతో మెల్లగా తోమమన్నాను. గట్టిగా తోమితే బట్ట చివికిపోతుందనీ చెప్పాను. వదిలిందని తర్వాతి ఉత్తరంలో రాశాడు. మీరు రాసిన విహారం ఇదండీ!

2020 మార్చిలో కరోనా వచ్చి ఫిలిప్పీన్స్ నుంచి ఆ పిల్లల్ని ప్రత్యేక విమానాల్లో వెనక్కి తెచ్చారు. సాల్ట్ లేక్ విమానాశ్రయానికి కుటుంబాలు గుంపులుగా వెళ్లినందుకు ఇక్కడ పెద్ద రభసే అయింది. మా పక్కింటివాళ్లు మాత్రం కారు దిగకుండా దూరం నుంచే చూసి ఏడ్చారు. కొన్నాళ్లకు ఆ అబ్బాయి మిగిలిన కాలం టెక్సాస్‌లో చేయడానికి మళ్లీ పెట్టె సర్దుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

ఇంకా ఉన్నాయి తప్పులు. మోర్మన్లకు ఇప్పటికీ నలుగురేసి భార్యలన్నారు. 1890లోనే అప్పటి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ ప్రకటన చేసి ఆ ఆచారాన్ని ఆపించారు. ఇప్పుడు ఎవరైనా భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకుంటే సంఘం నుంచి వెలివేస్తారు. వేరుపడ్డ చిన్న చిన్న వర్గాలు పాటిస్తున్నాయంటే అది వేరే కథ. రష్యాలో గూఢచారులని తరిమేశారని కూడా రాశారు. రష్యా 2016లో బహిరంగ మతప్రచారాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. 2019లో నొవొరొస్సీస్క్‌లో ఇద్దరు కుర్రాళ్లను పట్టుకుని, లైసెన్సు లేకుండా ఇంగ్లిష్ నేర్పుతున్నారని ఆరోపించి దేశం నుంచి పంపేశారు. గూఢచర్యం మాటే లేదు. ఒకరి బిడ్డ మీద గూఢచారి అని ముద్ర వేసేముందు ఒక్కసారి సరిచూసుకోవద్దా?

నేను వాళ్ల మతంలో చేరానని అనుకుంటారేమో. మాది పూజలూ వ్రతాలూ ఉన్న ఇల్లు. సౌత్ జోర్డాన్‌లోని వినాయకుడి గుడికి వెళ్తాం. మా తలుపూ తట్టారు, వద్దన్నాం, మంచినీళ్లు తాగి వెళ్లారు. స్పానిష్ ఫోర్క్‌లో రాధాకృష్ణుల గుడి కట్టేటప్పుడు ఇదే చర్చి విరాళమిచ్చింది, వాళ్ల జనం వచ్చి పనిచేశారు. అక్కడ హోలీకి వచ్చే వేలమందిలో ఈ చర్చి యువతే ఎక్కువ. మతమార్పిడి మీద మన దగ్గర చాలామందికి అభ్యంతరాలున్నాయి, నాకూ కొన్ని ఉన్నాయి. ఆ చర్చ పెట్టండి, గట్టిగా పెట్టండి. అబద్ధాలు పేర్చి మాత్రం పెట్టకండి.

వాళ్లను తప్పుపట్టాలనుకుంటే అసలైన విషయాలే ఉన్నాయి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్, మదర్స్ డే. ఆ పక్కింటి పెద్దబ్బాయి వెళ్లినప్పుడు వాళ్లమ్మ పడ్డ బాధ చూశాను కనుక చెబుతున్నాను, ఆ నియమం నాకెన్నడూ మింగుడుపడలేదు. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు. 2012లో అబ్బాయిల వయసు 19 నుంచి 18కి తగ్గించారు. అది మరీ చిన్న వయసని నా అభిప్రాయం. ఇంకొకటి. ఆరోగ్యం దెబ్బతినో, మనసు కుంగిపోయో గడువు తీరకముందే తిరిగొచ్చే పిల్లలున్నారు. మా వెనక వీధిలో అలాంటి అబ్బాయి ఒకడున్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. కానీ పలకరింపులు తగ్గాయి, పెళ్లి మాటలు ఆగాయి, వాడు ఆదివారాలు ఇల్లు కదలడం మానేశాడు. మీ వ్యాసకర్త రాయాల్సింది ఈ పిల్లవాడి గురించి. వెబ్‌సైట్లలో దొరికింది తర్జుమా చేసుకుని కూర్చుంటే ఇవెక్కడ కనబడతాయి? ఒకప్పుడు మీ పత్రికలో చిన్న వార్తకైనా విలేఖరి ఊరు వెళ్లి వచ్చేవాడు. మా నాన్నగారు మీ సంపాదకీయాలు కత్తిరించి దాచుకునేవారు.

ఈ సంగతి మనకు పరాయిదేమీ కాదు. సమోవాలో ఉండగా ఆ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి తమ బంధువుల్లోనే ఇరవై మందికి పైగా అందులో చేర్చారు. భారతదేశంలో వాళ్ల మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మన తెలుగు పిల్లలూ ఇలాగే ఇల్లు వదిలి మిషన్‌కు వెళ్తున్నారు. ఆ వ్యాసంలో వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకో మాట కూడా అనక తప్పదు. పద్దెనిమిదేళ్ల వాళ్లను చూసి నవ్వే ముందు మన పద్దెనిమిదేళ్ల పిల్లల్ని ఏం చేస్తున్నామో చూడండి. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో పెట్టి తాళం వేస్తున్నాం. 1969లో గాంధీ శతజయంతికి జాతీయ సేవా పథకం మొదలైంది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలని నిబంధన. ఎన్ని కాలేజీల్లో జరుగుతోంది? బ్యానర్ కట్టి, చీపుర్లు పట్టుకుని ఫొటో దిగి, సర్టిఫికెట్లు పంచేస్తున్నారు. అడిగే అధికారి లేడు. మా మేనకోడలు చదివిన కాలేజీలో క్యాంపు జరగకుండానే రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకున్నారు. దీని మీద మీరు ఎన్ని వ్యాసాలు వేశారు?

హైదరాబాద్‌లో మీకు ఆఫీసు ఉంది, విలేఖరులున్నారు. ఒకరిని ఆ తెల్ల చొక్కాల పిల్లలతో ఒక రోజంతా తిరిగి రమ్మనండి. వచ్చాక తిడుతూ రాసినా సరే, నేను చదువుతాను.

మీ పాఠకురాలు,
లీహై, యూటా
(స్వస్థలం కాకినాడ)