హుత్నిక్ క్రాకో చరిత్ర ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చినవారికి, లెక్క అడిగినవారికి, అడగాలనుకుని మొహమాటపడినవారికి కూడా నమస్కారం. పోలండ్‌లోని క్రాకో నగరంలో భాగమైన నోవా హుతాలోని హుత్నిక్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర మీద క్రాకోలోని తెలుగువాళ్ల కోసం పెట్టిన ప్రదర్శనకు వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ఇది. ముందు మొత్తాలు, తర్వాత పద్దులు.

జమ: 9,728.00 జ్లోటీలు (పోలండ్ డబ్బు)
ఖర్చు: 7,032.58 జ్లోటీలు
చేతిలో నిల్వ: 2,695.42 జ్లోటీలు

జమలో 7,450.00 పోలండ్‌లోనే ఉన్న 62 మంది ఇచ్చారు, అంతా బ్యాంకు బదిలీ లేదా బ్లిక్ (ఇక్కడి ఫోన్ చెల్లింపు పద్ధతి) ద్వారానే. పోలండ్ బయట నుంచి 11 మంది పంపినవి 1,862.40. ఈ అంకె వాళ్లు పంపింది కాదు, మారకం, బ్యాంకు రుసుములు పోగా మన ఖాతాలో పడింది. అందుకే కొందరికి రశీదులో తాము పంపినదానికంటే తక్కువ కనిపిస్తుంది. పాత కార్యక్రమం నుంచి మిగిలిన 415.60 కూడా ఇందులోనే కలిపాం.

హాలు గుమ్మం దగ్గర హుండీ ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. పోలండ్‌లో 2014 నాటి చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో నగదు గానీ వస్తువులు గానీ పోగుచెయ్యాలంటే ముందుగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. సంస్థ లేకపోతే కనీసం ముగ్గురితో సామాజిక కమిటీ ఏర్పడాలి, వసూలు అయ్యాక నివేదిక ఇవ్వాలి. ఖాతాకు నేరుగా వేసే చందాకు ఈ తతంగం లేదు. మూడు రోజుల హుండీలో పడే చిల్లర కోసం ఆ పనంతా నెత్తిన వేసుకోవడం దండగ. ఇంకో చందా, ప్రతి ప్యానెల్ పైభాగాన తమ దుకాణం పేరు వెయ్యాలన్న షరతుతో వస్తే, తీసుకోలేదు. ఒకే పోషకుడి మీద ఆనుకుంటే ఏమవుతుందో చెప్పే ప్రదర్శనలో ఆ బోర్డు బాగుండదు.

ఖర్చులో మొదటిది ప్యానెళ్లు. 100×70 సెంటీమీటర్లవి పది, ఒక్కొక్కటి 96 చొప్పున 960, దాని మీద 23 శాతం వ్యాట్ కలిపితే 1,180.80. ఇక్కడి ప్రింటర్లు కొటేషన్‌లో ‘నెట్టో’ (వ్యాట్ కలపని) ధరే రాస్తారు, చెల్లించాల్సింది ‘బ్రుట్టో’ (వ్యాట్ కలిపినది). రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ఒకటి నెట్టో, ఒకటి బ్రుట్టో అయితే చౌక అనుకున్నదే ఖరీదైనది కావచ్చు. ఫోమ్ బోర్డు 5 మిల్లీమీటర్లది తీసుకున్నాం. 3 మిల్లీమీటర్లది చౌకే గానీ, రేడియేటర్ ఉన్న గోడకు తగిలిస్తే వేడికి విల్లులా వంగుతుంది.

ఒక ప్యానెల్ రెండోసారి అచ్చు వేయించాల్సి వచ్చింది, 118.08. మొదటి కాపీలో వత్తులన్నీ అక్షరం కింద కాకుండా పక్కన పడ్డాయి. మనం పంపిన పీడీఎఫ్‌ను ప్రెస్సులో తెరిచి మరో ఫాంటుతో మళ్లీ కంపోజ్ చేస్తే జరిగేది ఇదే. తెలుగు అచ్చు వేయించేవాళ్లు పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ ఎంచుకుని, అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా) మార్చిన ఫైలే పంపాలి. ఫొటోల కింద పేర్లను పోలిష్ లిపిలో కూడా వేశాం. చాలా తెలుగు ఫాంట్లలో పోలిష్‌కు ప్రత్యేకమైన అక్షరాలు ఉండవు, ఆ ఒక్క అక్షరం వేరే ఫాంటు నుంచి వచ్చి లావుగానో సన్నగానో పడుతుంది. అందుకని పోలిష్ పేర్లకు మొదటి నుంచీ వేరే ఫాంటు పెట్టాలి.

ఆ పది ప్యానెళ్లలో ఏముందో కూడా చెప్పాలి, ఎందుకంటే అభ్యంతరాలు ఎక్కువ వచ్చింది అక్కడే.

మొదటిది ఊరు. 1949లో క్రాకో తూర్పున ఉక్కు కర్మాగారం కోసం కట్టడం మొదలుపెట్టిన కొత్త పట్టణం నోవా హుతా. 1951లో క్రాకోలో కలిపారు. లెనిన్ పేరుతో నడిచిన ఆ కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) 1954లో మొదలైంది. సోవియట్ సహకారం, కర్మాగారం చుట్టూ కార్మికుల క్వార్టర్లు, బళ్లు, ఆస్పత్రి, ఆటస్థలం. విశాఖ ఉక్కునగరంలో పెరిగినవాళ్లకు ఈ ప్లాను విడమరిచి చెప్పక్కర్లేదు. రెండోది 1950లో పుట్టిన క్లబ్. హుత్నిక్ అంటే ఉక్కు కార్మికుడు. మైదానం సుహె స్తావిలో. ఆనాటి పద్ధతిలో క్లబ్‌కు విడిగా బొక్కసం అంటూ లేదు, కర్మాగారం పద్దులోనే ఇదొక వరుస. ఆటగాళ్లకు కర్మాగారం ఉద్యోగం, జీతం అక్కడిదే, ఆట ఇక్కడ.

మూడోది 1990. అంతకు ముందు డిసెంబరులోనే నోవా హుతా నడివీధిలోని లెనిన్ విగ్రహాన్ని తీసేశారు. 1990లో కర్మాగారానికి లెనిన్ పేరు తీసి ఇంజినీరు తదేయుష్ సెంజిమిర్ పేరు పెట్టారు. అదే ఏడు హుత్నిక్ పై లీగ్‌కు ఎక్కింది. 1991-92లో హుత్నిక్ ఆటగాడు మిరొస్లావ్ వాలిగూరా 20 గోల్స్‌తో లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసినవారిలో ఒకడిగా నిలిచాడు. మారెక్ కొజ్మిన్‌స్కి 1992లో ఇక్కడి నుంచే ఇటలీ క్లబ్ ఉదినేసేకు వెళ్లాడు.

నాలుగోది యూరప్. 1995-96లో విద్జెవ్, లెగియా క్లబ్బుల తర్వాత పై లీగ్‌లో మూడో స్థానం. మరుసటి సీజన్ యూరప్ క్లబ్బుల పోటీ అయిన యుయెఫా కప్‌లో అజర్‌బైజాన్ క్లబ్ ఖజ్రీ బుజొవ్నాను సొంత మైదానంలో 9-0తో ఓడించారు. చెక్ క్లబ్ సిగ్మా ఒలొమొత్స్ మీద అక్కడ 0-1 పోగొట్టుకుని ఇక్కడ 3-1తో తిరిగి గెలుచుకున్నారు. తర్వాత మొనాకో వచ్చింది: ఇక్కడ 0-1, అక్కడ 1-3. ఆ మొనాకో అదే సీజన్లో ఫ్రాన్స్ ఛాంపియన్ అయింది, కప్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. హుత్నిక్ మాత్రం అదే సీజన్ చివర, 1997లో, పై లీగ్ నుంచి దిగిపోయింది. మళ్లీ ఎక్కలేదు.

ఆ దిగడానికి, దాని తర్వాతి సంగతులకు మూడు ప్యానెళ్లు కేటాయించాం. గెలుపుకు ఒకటి, ఓటమికి మూడా అని అడిగారు. మూడూ తగ్గించకూడనివే అని కమిటీ అభిప్రాయం. ఒక్క మంచి సీజన్‌ను ఎవరైనా నాలుగు ఫొటోలతో చెప్పొచ్చు. కర్మాగారం డబ్బుతో బతికిన క్లబ్, మార్కెట్ వచ్చి కర్మాగారమే తన ఖర్చులు కోసుకుంటుంటే ఎలా నడవాలన్నది చెప్పడానికి చోటు కావాలి. మ్యాచ్ రోజున గేటు దగ్గర వచ్చే డబ్బు, పై లీగ్‌కు సరిపడే జీతాలకు చాలదు. టీవీ డబ్బు పై మెట్టు మీదే ఉంటుంది, కింది మెట్టుకు దిగగానే అది ఆగిపోతుంది. ఒప్పందాలు మాత్రం పాత జీతాలతోనే ఉంటాయి. అప్పు అక్కడ మొదలవుతుంది. 2010లో పాత సంస్థ దివాలా తీసింది. అభిమానులు ‘నోవీ హుత్నిక్ 2010’ పేరుతో సంఘం పెట్టుకుని జట్టును కింది లీగుల్లో నిలబెట్టారు. కొత్త సంఘానికి పాత అప్పులు అంటవు, కానీ పాత స్థానమూ దానంతట అది రాదు. ఈ రెండో సగం చాలామందికి తట్టదు.

ఎనిమిదోది పొరుగు క్లబ్బులు. 2000లో ఛాంపియన్ అయిన వార్షావా పొలోనియా 2013లో లీగ్‌లో ఆడే లైసెన్సు దక్కక ఐదో మెట్టు (పై లీగ్‌ను ఒకటో మెట్టుగా లెక్కేస్తే) నుంచి మొదలుపెట్టింది. అదే ఏడు ఉచ్ నగరంలోని ఎల్‌కేఎస్ క్లబ్, 2015లో అదే ఊరి విద్జెవ్ కూడా ఐదో మెట్టు నుంచే మొదలుపెట్టాయి. హుత్నిక్‌ది ఒంటరి కథ కాదని చూపడానికి ఇది పెట్టాం.

తొమ్మిదోది 2020. కోవిడ్‌తో నాలుగో మెట్టు సీజన్ మధ్యలో ఆగింది. హుత్నిక్, లుబ్లిన్ నగరపు మోటోర్ సమాన పాయింట్లతో ఉన్నాయి. చివరికి ఇద్దరినీ పైకి ఎక్కించారు, అందుకే మరుసటి సీజన్ మూడో మెట్టులో 19 జట్లు ఆడాయి. అటు నోవా హుతాలో బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2019లో ఆపేశారు, ఇక మళ్లీ వెలిగించమని 2020లో ప్రకటించారు. కన్నతల్లి లాంటి కొలిమి ఆరిన వేళకు క్లబ్ తన కాళ్ల మీద తాను ఒక మెట్టు ఎక్కింది. పదోది మైదానం: 2012 యూరో పోటీలప్పుడు ఇంగ్లాండ్ జట్టు సాధన చేసింది సుహె స్తావిలోనే. పిల్లలు ఎక్కువసేపు నిలబడింది దీని ముందే.

పాఠాన్ని సరిచూసినందుకు పోలిష్ బాగా తెలిసిన చదువరికి 600.00 ఇచ్చాం. దండగ ఖర్చు అన్నవారికి ఒక్క ఉదాహరణ. 2008లో లీగుల పేర్లు మారాయి. అంతకుముందు ‘ఒకటో లీగ్’ అంటే అన్నిటికంటే పైది. ఇప్పుడు పైది ఎక్స్‌ట్రాక్లాసా, ఒకటో లీగ్ రెండో మెట్టు, రెండో లీగ్ మూడో మెట్టు. 1990లో ఎక్కిన ‘ఒకటో లీగ్’, ఇప్పటి ‘ఒకటో లీగ్’ ఒకటి కాదు. ఉన్నవి ఉన్నట్టు దించితే, హుత్నిక్ 1990లో ఎక్కింది రెండో మెట్టుకే అని చదివేవాళ్లు అనుకుంటారు. అందుకే అన్ని చోట్లా లీగ్ పేరు తీసి మెట్టు అంకె వేశాం.

ఫొటోలు మొత్తం 20. ఆరింటికి ఒక్కో దానికి 150 చొప్పున హక్కుల కింద 900.00. మిగతా 14 స్వేచ్ఛా లైసెన్సువి. వాటికి డబ్బు లేదు గానీ తీసినవారి పేరు, లైసెన్సు పేరు ఫొటో కిందే చదవగలిగే సైజులో ఉండాలి. నిండు ప్యానెల్ సైజుకు 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) చొప్పున కనీసం 5,906×4,134 పిక్సెళ్లు కావాలి. ఫోన్లలో తిరిగే పాత స్కాన్లు అంత సైజుకు సాగదీస్తే మొహాలు చెరిగిపోతాయి, అందుకే కొన్నిటిని అరచేతి సైజుకే ఉంచాం. కొన్న ఆరు ఫొటోల హక్కు ప్రదర్శనకు మాత్రమే, పుస్తకానికి చెల్లదు. చిన్న పుస్తకంలో 14 ఫొటోలే కనబడటానికి కారణం ఇదే. 24 పేజీల ఆ పుస్తకం 200 కాపీలకు 1,300 నెట్టో, వ్యాట్‌తో 1,599.00.

హాలు అద్దె రోజుకు 450 చొప్పున మూడు రోజులకు 1,350.00. ప్యానెళ్లు తగిలించడానికి అరపూట ఆ మొదటి రోజులోనే పోయింది. గోడకు మేకులు కొట్టనివ్వరు. గోడ పైన ఉన్న కమ్మీకి తగిలించే కొక్కేలు, నైలాన్ తీగ, బోర్డు వెనక అతికించే పట్టీలకు 286.50. ఒక్కో బోర్డుకు రెండు తీగలు ఉండాలి, ఒక్కటే అయితే తలుపు తీసిన ప్రతిసారీ గిర్రున తిరుగుతుంది. రెండు వైపులా జిగురున్న టేపు వాడొద్దు, ఊడదీసేటప్పుడు ఫోమ్ పైపొర కూడా దానితో వస్తుంది. హాలు వాళ్లు అడిగిన బీమాకు 180.00, వ్యానుకు 240.00, ప్రదర్శనకు కొన్న పాత మ్యాచ్ పత్రికలు, మఫ్లర్లకు 540.00, బ్యాంకు రుసుములు 38.20.

మ్యాచ్ చూడ్డానికి వెళ్లినవారి టికెట్లు ఈ లెక్కలో లేవు, ఎవరివి వారే కొనుక్కున్నారు. వాలంటీర్ల భోజనాలూ అంతే.

పోలిష్ బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం మీదివి, కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. అందుకని ప్రతి బిల్లునూ అదే రోజు స్కాన్ చేసి, వోచర్ నంబరు వేసి కోశాధికారి దగ్గర ఉంచాం. చందాదారులు ఎవరైనా అడిగితే చూపిస్తారు. ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు మాత్రం బయట పెట్టం.

మిగిలిన 2,695.42లో పాత ధరకే దొరికితే 1,599.00 పుస్తకం రెండో ముద్రణకు, 1,096.42 మరో ఊళ్లో ప్రదర్శన పెడితే హాలు బయానాకు అనుకుంటున్నాం. ఇది ఇష్టం లేనివారు తమ వాటా వెనక్కి తీసుకోవచ్చు, మొత్తం జమ మీద లెక్కేస్తే నూరు జ్లోటీలకు 27 జ్లోటీల 70 గ్రోషులు వస్తాయి. ఏ పద్దు మీదైనా అభ్యంతరం ఉంటే వోచర్ నంబరుతో నెల రోజుల్లోగా రాసి పంపండి. ఆ గడువు దాటాక ఖాతా ముగించి, నిల్వను తర్వాతి లెక్కలో మొదటి వరుసగా చూపిస్తాం.