ఎడమ చేత్తో రాసిన ఉత్తరం

చిన్నికి, ప్రభువు పేరట మీ డాడీ రాయునది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని మమ్మీతో చదివించుకోకు, నువ్వే నిదానంగా చదువుకో. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి ఇంకా మాట వినడం లేదు. ఎడమ చేత్తో రోజుకు ఐదారు లైన్ల చొప్పున రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నా నాలుక తడబడుతుంది, "సర్లే డాడీ, రెస్ట్ తీసుకో" అని నువ్వు పెట్టేస్తావు. ఈ సంగతి సగంలో ఆగిపోకూడదు.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర మీ అత్తయ్య "జర్మనీ పోకపోవడం దేవుని చిత్తం అమ్మా, అంతా మన మంచికే" అంది. నువ్వు తల దించుకుని పెరుగన్నం కలుపుతూనే ఉన్నావు. కలిపిందే మళ్లీ కలిపావు, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆ మాట మొదట అన్నది అత్తయ్య కాదు, నేను. ఆసుపత్రిలో నాలుగో రోజు నువ్వు మంచం పక్కన కూర్చుని "జర్మనీ వాళ్లకి రానని చెప్పేశాను డాడీ" అన్నావు. నోట మాట రాక నేను ఎడమ చేతి వేలు పైకి చూపించాను, దేవుని చిత్తం అన్నట్టు. నువ్వు నమ్మేశావు. లోపల మాత్రం నాకు సంతోషం కలిగింది తల్లీ. ఇక ఎక్కడికీ వెళ్లదు, నా దగ్గరే ఉంటుంది అని. నా భయానికి దేవుని పేరు పెట్టాను. నన్ను క్షమించు.

ఇంకొకటి. ఈ పక్షవాతం కూడా దేవుని చిత్తమే అని చర్చిలో అంటున్నారు. రిటైరయ్యాక నాలుగు నెలలు నేను బీపీ మాత్ర మానేశాను, ఒంట్లో బాగానే ఉంది కదా అని. నువ్వు నర్సువి, ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదానివి. వేసుకున్నానని అబద్ధమాడాను. లాలాగూడ వర్క్‌షాపులో 30 ఏళ్లు ఫిట్టర్‌గా చేశాను. బ్రేకు చూడకుండా కోచ్‌ను బయటికి పంపేసి, ఏదైనా జరిగితే దేవుని చిత్తం అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? నా నిర్లక్ష్యాన్ని ఆయన ఖాతాలో రాయలేను. చెయ్యి పడిపోయాక ఆయన నాతో ఏం చేయించుకోవాలనుకుంటున్నాడో, దానికి తల వంచుతున్నాను. ఆ వంచడం కూడా ఒక్క రోజులో రాలేదు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు గుర్తుందా? యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని. బీరువా తలుపుకి అంటించాను. ఫిబ్రవరిలో పడిపోయాను. ఇంటికొచ్చాక దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది, మమ్మీతో పీకించి బైబిల్లో బోర్లా పెట్టించాను. చాలా రోజులకి ఆ అధ్యాయం మొత్తం చదివాను. అది కూడా ఒక ఉత్తరమే చిన్నీ. యెరూషలేము నుంచి బబులోనుకి, చెరలో ఉన్నవాళ్లకి రాసింది. కార్డు మీద లేని 10వ వచనంలో, తిరిగి రావడానికి 70 ఏళ్లు అని ఉంది! అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లు చాలన్నాడు, జనానికి నచ్చే మాట అదే. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి అని రాశాడు. విన్నవాళ్లలో నా ఈడువాళ్లు ఎవరు తిరిగి ఊరు చూసి ఉంటారు? అయినా చెట్లు నాటమన్నాడు. ఈస్టర్ నాటికి నడిచేస్తావని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పినవాళ్లున్నారు. ఈస్టర్ వెళ్లిపోయింది. నేను కర్ర పట్టుకుని గేటు దాకా వెళ్తున్నాను, ఎడమ చేత్తో రాస్తున్నాను. నన్ను నాటమన్న చెట్టు ఇదే అనుకుంటున్నాను.

నిన్ను ఏం నాటమన్నాడో చెప్పడానికి నేనెవర్ని? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు మూడుసార్లు ప్రార్థించాడు. మొదటిసారి, సాధ్యమైతే ఈ శ్రమల గిన్నె తొలగించు తండ్రీ అని అడిగాడు. రెండోసారికి, నేను తాగితే తప్ప పోనిదైతే నీ చిత్తమే జరగనీ అన్నాడు. ఆ రెండింటి మధ్య ఎంత నలిగిపోయాడో. గెత్సేమనే అంటేనే నూనె గానుగ. నిన్ను మేం ఆ మొదటి ప్రార్థన కూడా చేయనివ్వలేదు, అడగకముందే ఆమెన్ అనిపించాం. వెళ్లాలని ఉంటే దేవుణ్ణి అడుగు. ఏడ్చి అడుగు, కోపం వస్తే కోపంగానే అడుగు. వద్దనేది ఉంటే ఆయనే నీతో అంటాడు, మధ్యలో నేనూ అత్తయ్యా అక్కర్లేదు. ఉండాలనిపిస్తే ఉండు, నా చెయ్యి చూసి మాత్రం ఉండకు. పెన్షన్ వస్తోంది, ఫిజియోకి మమ్మీ తీసుకెళ్తోంది.

జర్మన్ నేర్చుకునేటప్పుడు ఇంట్లో ప్రతి వస్తువుకీ చీటీలు అంటించావు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అన్నీ పీకేశావు. వంటింటి తలుపు వెనక ఒకటి మిగిలిపోయింది. కింద తెలుగులో 'డీ ట్యూర్, తలుపు' అని నీ చిన్న చిన్న అక్షరాలు. మమ్మీ తుడుస్తూ తీయబోతే వద్దన్నాను. నీ పుస్తకాలు కూడా సజ్జ మీద నుంచి దింపించి దులిపించాను. పట్టుకెళ్తావో, మళ్లీ సజ్జ ఎక్కిస్తావో నీ ఇష్టం.

ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కేముందు నా బీపీ మాత్రలు రెండు స్ట్రిప్పులు తీసుకురా. నాలుగే మిగిలాయి.

మీ డాడీ
మెట్టుగూడ