వార్షిక నివేదిక: కమ్యూనిటీ హాలు స్థలంలో నేల ఇంకుదల పరీక్ష

గౌరవ సభ్యులకు నమస్కారం.

బతుకమ్మ సంబరాలు, వీధిదీపాల మరమ్మతు, పార్కులో మొక్కలు నాటడం మీరంతా చూసినవే. వాటి జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో మీ ముందుంచుతాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను: కొత్త హాలు మరుగుదొడ్ల నీరు ఎక్కడికి పోవాలి? పని పూర్తయ్యాక అదంతా మట్టి కింద ఉంటుంది. తప్పు జరిగితే మళ్లీ తవ్వుకోవలసిందే.

వరంగల్ శివారులోని మన కాలనీకి ఇంకా భూగర్భ మురుగు కాలువ రాలేదు. ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే ఆధారం. ట్యాంకు కట్టగానే నీరు శుభ్రమైపోతుందని మనలో చాలామంది నమ్మకం. ట్యాంకులో మలం అడుగున పేరుకుంటుంది, కొంత కుళ్లి తగ్గుతుంది. పైనుంచి బయటికి వచ్చే నీటిలో మాత్రం రోగక్రిములు ఉంటూనే ఉంటాయి. మిగిలిన శుద్ధి చేయవలసింది నేల. నేల తాగలేకపోతే ఏమవుతుందో గత వానాకాలంలో రెండో వీధివారు అనుభవించారు. ఇంకుడు గుంతలు పొంగి, పిల్లలు ఆ నీళ్లలోనే నడిచి బడికి వెళ్లారు.

హాలు ఇంకుడు గుంత కోసం గుత్తేదారు తూర్పు మూల చూపించారు. మే నెలలో అక్కడ చిన్న గొయ్యి తీసి రెండు బిందెల నీళ్లు పోస్తే నిమిషాల్లో మాయమయ్యాయి. కమిటీ సంతోషించింది, నేనూ సంతోషించాను. మా అందరి పొరపాటు అక్కడే ఉంది. ఆ మూల నల్లరేగడి. ఎండలకు బీటలు వారిన ఆ నేలలో నీరు ఇంకలేదు, బీటల్లోకి జారిపోయింది. వాన పడితే అదే మట్టి ఉబ్బి బీటలు మూసుకుంటుంది. మన కాలనీలోని విశ్రాంత ఇంజనీరు ఒకరు ఈ సంగతి గుర్తుచేసి, సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం మళ్లీ పరీక్షించాలని పట్టుబట్టారు. సంఘం ఆయనకు రుణపడి ఉంది.

ఈసారి తూర్పున ఒకటి, పడమట ఒకటి గుంతలు తీశాం. పార దెబ్బకు నున్నగా మెత్తుకున్న గోడలను మొనతో గీకి, వదులు మట్టి తీసేసి, అడుగున 5 సెంటీమీటర్ల కంకర పరిచాం. దానిపై 30 సెంటీమీటర్ల ఎత్తు నీరు నింపి ఒక రోజంతా నాననిచ్చాం. మట్టి ఉబ్బవలసినంత ఉబ్బి, వానాకాలపు స్థితికి రావాలన్నదే ఉద్దేశం. మర్నాడు నీటిని కంకరపై 15 సెంటీమీటర్లకు సరిచేసి, అరగంటకోసారి ఎంత దిగిందో కొలిచాం. పడమటి గుంతలో నీరు మిగలకపోవడంతో మళ్లీ మళ్లీ నింపుతూ నాలుగు గంటలు కొలిచి, చివరి అరగంట లెక్కే తీసుకున్నాం.

తూర్పు గుంతలో అరగంటకు దిగింది 1 సెంటీమీటరే. అంటే 25 మిల్లీమీటర్లు దిగడానికి 75 నిమిషాలు. ప్రమాణం ప్రకారం 60 నిమిషాలు దాటితే ఆ నేల ఇంకుడు పద్ధతికి పనికిరాదు. మేలో నిమిషాల్లో నీళ్లు తాగిన మూల ఇదే. పడమట ఎర్రమట్టి, కింద మొరం. అక్కడ చివరి అరగంటలో 3 సెంటీమీటర్లు, అంటే 25 మిల్లీమీటర్లకు 25 నిమిషాలు. ఈ వేగానికి ప్రమాణంలోని సూత్రం ప్రకారం చదరపు మీటరు నేల రోజుకు సుమారు 41 లీటర్ల ట్యాంకు నీరు తీసుకోగలదు. హాలుకు రోజుకు 1,000 లీటర్లు అనుకుంటే దాదాపు 25 చదరపు మీటర్లు కావాలి.

అందుకే ఒక లోతైన గుంతకు బదులు, పడమట మీటరు వెడల్పు, పన్నెండున్నర మీటర్ల పొడవుతో రెండు కందకాలు తవ్వి, కంకరలో చిల్లుల పైపులు పరచాలని కమిటీ తీర్మానించింది. దగ్గరలోని బోరుకు కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. టేపుతో కొలిస్తే 22 మీటర్లు వచ్చింది. వానలు ముదిరాక భూగర్భజలం ఎంత పైకి వస్తుందో ఆ బోరులోనే కొలిచి చూస్తాం, ఆ తర్వాతే తవ్వకం. ఆలస్యమవుతుందని కొందరికి కోపం వచ్చింది. తాగే నీటి విషయంలో తొందరపడడానికి నేను ఒప్పుకోలేను.

ట్యాంకులో పేరుకున్న మడ్డిని రెండు మూడేళ్లకోసారి ట్యాంకరుతో తీయించి అమ్మవారిపేటలోని శుద్ధి కేంద్రానికి పంపాలి. ఆ ఖర్చు కోసం నిర్వహణ నిధిలో విడిగా ఒక పద్దు తెరిచాం.

దసరా తర్వాత పని మొదలవుతుంది. పడమటి వైపు ఇప్పటినుంచే కార్లు, ట్రాక్టర్లు నిలపవద్దని, ఇసుక కుప్పలు పోయవద్దని మనవి. బరువుకు మట్టి గట్టిపడితే మేం కొలిచిన లెక్క పనికిరాకుండా పోతుంది.

కార్యదర్శి