పక్షవాత చికిత్స, పునరావాసంలో మన సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు. నియమావళి ప్రకారం ఈ ఏడాది కార్యకలాపాల నివేదికను మీ ముందుంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి వాటిని మళ్లీ ఏకరువు పెట్టను.

మనం చేసిన పనుల్లో ముందుగా చెప్పుకోవలసింది అక్టోబరు 29న, ప్రపంచ పక్షవాత దినోత్సవం నాడు, ఆటో స్టాండులో జరిపిన శిక్షణ. ఏటా హాలు అద్దెకు తీసుకుని, మైకు పెట్టి, తెలిసినవాళ్లకే తెలిసిన సంగతి చెప్పి, శాలువాలు కప్పి ఇళ్లకు వెళ్లడం ఆనవాయితీ అయిపోయింది. 108 ఉన్నా మన వాడల్లో రోగిని ముందుగా ఎక్కించుకునేది ఆటోవాళ్లే కనుక, ఈసారి వాళ్ల దగ్గరికే వెళ్లాం. మూతి వంకరపోయినా, ఎత్తిన చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా, నడక తూలినా ఇంటివాళ్లను అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఆఖరుసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?’ అని డాక్టరుగారు నేర్పారు. నిద్రలో వచ్చిన పక్షవాతానికి లేచిన వేళ కాదు, పడుకున్న వేళే లెక్క.

రక్తపు గడ్డ అడ్డుపడి మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోతే మెదడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలను పోగొట్టుకుంటుందని ఆయన చెప్పినప్పుడు స్టాండులో ఒక్కరూ మాట్లాడలేదు. గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద నాళమే మూసుకుపోతే తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స ఉంది. దానికి మామూలుగా 6 గంటల గడువు, స్కానులో మెదడు ఇంకా కొంత దక్కుతుందని తేలిన కొందరికి మాత్రం 24 గంటల వరకూ. అయితే నాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది సీటీ స్కాన్ తీయనిదే తెలియదు. చిట్లిన మనిషికి ఆ ఇంజెక్షను ఇస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ మింగించవద్దనీ, సీటీ లేని చోట ఆగవద్దనీ గట్టిగా చెప్పించాం.

ఫలితం సంక్రాంతికి ముందే కనబడింది. మన సభ్యులొకరి తల్లిగారు తెల్లవారుజామున ముగ్గు వేస్తూ ఒరిగిపోతే, వీధి చివరి ఆర్‌ఎంపీకి చూపిద్దామని ఇంటివాళ్లు ఎంత పట్టుబట్టినా వినకుండా, ఆ శిక్షణకు వచ్చిన డ్రైవరే నేరుగా స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఇంజెక్షను వేళకు పడింది. ఆవిడ ఈరోజు చేతికర్రతో వచ్చి మూడో వరుసలో కూర్చున్నారు. మాట ఇంకా కాస్త తడబడుతుంది గాని, వంట బాగాలేకపోతే చెప్పడానికి ఆ మాట చాలుతోందని కోడలుగారే నాతో అన్నారు.

ఆస్పత్రి వార్డులో మన సహాయ బల్ల ఏడాదంతా నడిచింది. రోగి సరిగా మింగగలడో లేదో చూసే మింగుడు పరీక్ష కాకముందే ప్రేమకొద్దీ నీళ్లో కొబ్బరినీళ్లో పోసి, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెచ్చుకున్నవాళ్లను చూశాం. అక్కడ కూర్చున్నవారు ఆపగలిగింది ముఖ్యంగా దీన్నే. కానీ ఆదివారాల్లో ఆ బల్ల దగ్గర కుర్చీ ఒక్కటే కనబడేది. పేర్లు రాసుకున్న వాలంటీర్లలో సగం మంది ఫోటో దిగిన రోజు తర్వాత మళ్లీ రాలేదని చెప్పక తప్పదు.

అసలు కష్టం డిశ్చార్జి కాగితం చేతికొచ్చాక మొదలవుతుంది. కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది. మన ఇళ్లలో ఆ మూడు నెలలూ పసరు మందులకూ, పావురం రక్తం మర్దనకూ పోతున్నాయి. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపితే భుజం జారుతుందనీ, రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయనీ, మనిషి నడిచాడు కదా అని బీపీ మాత్రలు మానేస్తే మళ్లీ వస్తుందనీ ఇల్లిల్లూ తిరిగి చూపించిన ఇద్దరు ఫిజియోథెరపిస్టులకు సంఘం రుణపడి ఉంది. మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు మాత్రం మనకు ఈ ఏడాదీ దొరకలేదు.

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. దానికి కావలసిన సదరం ధ్రువపత్రం (వైకల్యాన్ని నిర్ధారించే కాగితం) కోసం, లేవలేని మనిషిని మంచంతో సహా మోసుకొచ్చాక ‘ఈరోజు డాక్టరు లేరు’ అని తిప్పి పంపిన సందర్భాలున్నాయి. ఇంటికే వచ్చి పరీక్షించమని మనం ఇచ్చిన అర్జీకి రసీదు ఉంది, జవాబు లేదు.

జమాఖర్చులు ఆడిటరుగారి సంతకంతో గోడకు అంటించి ఉన్నాయి, సందేహాలుంటే కోశాధికారిగారిని అడగగలరు. వాకర్లు, గాలి పరుపులు ఇచ్చిన దాతలకు, ఉచితంగా వచ్చిన డాక్టర్లకు, రాత్రి డ్యూటీ నర్సులకు, ఆటో యూనియన్ సోదరులకు, టీ ఖర్చు భరించిన హోటలు యజమానికి పేరుపేరునా కృతజ్ఞతలు. వాడి ఇచ్చేస్తామని తీసుకెళ్లిన గాలి పరుపులు ఇంకా కొన్ని తిరిగి రాలేదు. దయచేసి ఈ నెలాఖరులోగా కార్యాలయంలో అప్పగించగలరు. వాటి కోసం ఎదురుచూస్తున్నవారి పేర్లు నా బల్ల మీద ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి