పొద్దుటి ప్యాసింజర్ టైం మార్పు గురించి

అందరికీ నమస్తే. మన పొద్దుటి ప్యాసింజర్‌ను అరగంట లేటుగా బయల్దేరదీసే ప్రతిపాదన ఉందట. కాజీపేటలో ఎక్కేవాళ్లం ఏదో ఎక్స్‌ప్రెస్ చూసుకుంటాం. అసలు దెబ్బ రఘునాథపల్లి, పెంబర్తి లాంటి చిన్న స్టేషన్ల వాళ్లకే. అక్కడ ఈ బండి తప్పితే ఇక బస్సే దిక్కు. ఎక్స్‌ప్రెస్ చూసుకునే మనం కూడా సీజన్ పాస్ ఉంది కదా అని రిజర్వేషన్ బోగీ ఎక్కితే ఫైన్ పడుతుంది.

పైగా అది కాగితం మీద అరగంటే. సూపర్‌ఫాస్ట్‌కు దారి ఇవ్వడానికి మన బండిని లూప్ లైన్లో, అంటే స్టేషన్‌లో మెయిన్ లైన్ పక్కనుండే పట్టాల మీద, ఆపారంటే గంట దాటుతుంది. మెయిన్ లైన్లో ఆ సూపర్‌ఫాస్ట్ దుమ్ము లేపుకుంటూ పోతుంటే కిటికీలోంచి చూడటం మనకు అలవాటే!

ఆదివారం లోపు ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, డ్యూటీ టైం ఇక్కడ రాయండి. డీఆర్ఎంకు (డివిజనల్ రైల్వే మేనేజర్‌కు) ఇచ్చే వినతిపత్రంలో కలుపుదాం. అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫొటోలు ఆపండి, ప్లీజ్.