విత్తన పొలాల్లో నేర్చిన కళ్లను నిలుపుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

దేశంలో తయారయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో అత్యధిక భాగం ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల్లోనే పండుతోంది. పద్నాలుగేళ్లుగా యాసంగిలో కంపెనీలకు విత్తన వరి పండిస్తున్న రైతుగా ఒక విషయాన్ని ఆ యాజమాన్యాల దృష్టికి తేదలచుకున్నాను. గోదాములకు, ప్రాసెసింగ్ యంత్రాలకు వెనకాడకుండా ఖర్చు పెడుతున్న కంపెనీలు, మా పొలం గట్టు మీద నిలబడి నాణ్యతను కాపాడవలసిన ఫీల్డ్ సూపర్‌వైజర్‌ను మాత్రం నాట్లప్పుడు తీసుకుని కోతలు కాగానే పంపేస్తున్నాయి.

ఆ పని ఎవరు పడితే వారు చేసేది కాదు. మగ వరుసల పుప్పొడి పక్కనున్న ఆడ వరుసల మీద పడితేనే హైబ్రిడ్ విత్తనం కడుతుంది. ఆ రెండు వరుసలూ ఒకేసారి పూతకు రావాలంటే, నెల రోజుల ముందే తల్లి పిలకను చీల్చి లోపలి పిల్లకంకిని చూసి, ముందున్నదాన్ని యూరియాతో ఆపాలా, వెనకబడ్డదానికి డీఏపీ ద్రావణం కొట్టి తొందరపెట్టాలా అన్నది తేల్చుకోవాలి. ఆ తర్వాత బెరుకులను, అంటే వరుసల్లో కలిసిపోయిన వేరే రకం కల్తీ మొక్కలను, ఏరాలి. ఆడ వరుసల్లో దాగిన బెరుకు మొక్క ఎత్తులోనూ ఆకులోనూ అచ్చం ఆడ మొక్కలాగే ఉంటుంది. కాకపోతే రెండు మూడు రోజుల ముందే పూస్తుంది, కంకి పొట్టాకులోంచి పూర్తిగా బయటికి వస్తుంది, పుప్పొడి తిత్తులు నిండుగా పసుపుపచ్చగా ఉంటాయి. ఆడ మొక్క తిత్తులు తెల్లగా వడలిపోయి ఉంటాయి. పొద్దున తొమ్మిది దాటాక పూలు విచ్చుకునే కొద్ది గంటల్లోనే తేటగా కనబడే ఈ తేడా, మూడు నాలుగు యాసంగులు బురదలో తిరిగితే తప్ప కంటికి చిక్కదు.

మా ఊరికి ఆరేళ్లు వచ్చిన సూపర్‌వైజర్ వరుస మధ్యలో ఠక్కున ఆగి, "అక్కా, ఆ మొక్కను వేరుతో సహా పీకి గట్టు మీద వేయండి" అని నా భార్యకు చెప్పేవాడు. ఏడాదికి ఆరు నెలల జీతంతో ఇల్లు గడవక అతను పురుగుమందుల దుకాణంలో చేరాడు. మరుసటి యాసంగిలో వచ్చిన కుర్రవాడు నిజాయితీపరుడే. అనుమానం వచ్చిన ప్రతి మొక్కనూ ఫోన్లో ఫొటో తీసి ఆఫీసుకు పంపేవాడు. జవాబు వచ్చేసరికి రెండు రోజులు గడిచేవి, ఈలోగా ఆ బెరుకు పుప్పొడి ఆడ మొక్కల మీద రాలిపోయేది. ఆ ఏడాది మా విత్తన లాట్ జన్యు స్వచ్ఛత పరీక్షలో, అంటే కల్తీ ఎంత ఉందో చూసే పరీక్షలో, తప్పింది, విత్తనం ధర రావలసిన చోట మామూలు వడ్ల ధర వచ్చింది. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. అతనికి నేర్పినవారు లేరు.

ఒక ఎకరంలో ఎనిమిది క్వింటాళ్ల విత్తనం పండితే, ఎకరాకు 6 కిలోల లెక్కన అది 130 ఎకరాలకు పైగా నాటుకు సరిపోతుంది. మా గట్టు మీద జరిగిన పొరపాటు ఊరూ పేరూ తెలియని అన్ని పొలాలకు చేరుతుంది. 1966 విత్తన చట్టం ప్రకారం విత్తనానికి ధ్రువీకరణ సంస్థ తనిఖీ, ధ్రువపత్రం తప్పనిసరి కాదు. ప్రైవేటు హైబ్రిడ్లు చాలావరకు కంపెనీ సొంత పూచీ మీద, నాణ్యతను కంపెనీయే ప్రకటించుకునే ట్రూత్‌ఫుల్ లేబుల్‌తోనే అమ్ముడవుతున్నాయి. అంటే ఆ పూచీకి పొలంలో ఆధారం ఈ తాత్కాలిక ఉద్యోగి చూపు ఒక్కటే.

అందువల్ల సూపర్‌వైజర్లను పన్నెండు నెలలూ ఉంచుకోవాలని కోరుతున్నాను. వానాకాలంలో వారికి పని లేదనడం సరికాదు. స్వచ్ఛత పరీక్షల మడుల్లో, మొలక పరీక్షల గదుల్లో, ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేస్తే, పొలంలో వదిలేసిన బెరుకు చివరికి ఏమవుతుందో వారే కళ్లారా చూస్తారు. నారు పోయకముందే వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానాల్లో కొన్ని రోజుల శిక్షణ ఇప్పించాలి. పెట్రోలు ఖర్చు జీతంలోంచి పోకుండా వేరుగా ఇవ్వాలి. మాతో రాసుకునే ఒప్పందంలో ఎరువులు, మందుల వివరాలతో పాటు మా పొలం చూసే సూపర్‌వైజర్‌కు ఎన్ని సీజన్ల అనుభవం ఉందో కూడా రాయాలి.

మొన్న ఒక పెళ్లిలో ఆ పాత సూపర్‌వైజర్ కలిశాడు. ఏడాది పొడవునా జీతం ఇస్తామంటే దుకాణం మానుకుని మళ్లీ పొలాలకే వస్తానని చెప్పాడు.

ఇట్లు,
ఒక విత్తన వరి రైతు,
హుజూరాబాద్ ప్రాంతం, కరీంనగర్ జిల్లా