2024–25 వార్షిక నివేదిక: పెద్దల చేతికి ఫోను అలవాటైన తీరు

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

మన వయోవృద్ధుల సంఘం ఈ సంవత్సరం ఎక్కువ సమయం వెచ్చించింది స్మార్ట్‌ఫోను తరగతులకే కాబట్టి ఈ నివేదికలో అధిక భాగాన్ని వాటికే కేటాయిస్తున్నాము. ఆరోగ్య శిబిరం, కార్తీక వనభోజనాలు యథాప్రకారం జరిగాయి. జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు.

ఫోనుతో ఎన్ని ప్రయోజనాలున్నాయో వివరిస్తే చాలు, పెద్దలు తమంతట తామే నేర్చుకుంటారని కార్యవర్గం మొదట భావించింది. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, రైలు టిక్కెట్టు అంటూ తొలి తరగతులన్నీ ఉపన్యాసాలుగానే సాగాయి. సభ్యులు శ్రద్ధగా విన్నారు, బాగుందన్నారు, ఇంటికి వెళ్లి ఫోనును ఎప్పటిలాగే టీవీ పక్కన పెట్టేశారు. ఉపయోగం తెలియక వారు దూరంగా ఉండటం లేదని, ఏదో ఒకటి నొక్కితే డబ్బు పోతుందేమో, ఫోను పాడవుతుందేమో, పదిమందిలో చులకన అవుతామేమో అన్న బెరుకే వారిని ఆపుతోందని మాకు ఆలస్యంగా అర్థమైంది.

ఈ విషయం మీద జరిగిన పరిశోధన కూడా ఇదే చెబుతోంది. ఒక సాధనం ఉపయోగపడుతుందన్న నమ్మకం, వాడటం సులువన్న నమ్మకం ఉంటే మనిషి దానిని స్వీకరిస్తాడని ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో ప్రతిపాదించారు. 2014లో కె చెన్, అలన్ చాన్ అనే పరిశోధకులు హాంకాంగ్‌లో 55 ఏళ్లు, అంతకు పైబడిన వెయ్యిమందికి పైగా పెద్దలను అడిగి చూసినప్పుడు మాత్రం, వాడకాన్ని నిర్ణయించేవి ఆ రెండు నమ్మకాల కంటే ‘నేను చేయగలను’ అన్న ధైర్యం, సాధనాల పట్ల ఆందోళన, ఆరోగ్య స్థితి, పక్కన దొరికే సహాయం వంటివేనని తేలింది. మన తరగతి గదిలో మేము చూసింది అదే.

అందువల్ల పద్ధతి మార్చాము. నేర్పేవారు నేర్చుకునేవారి ఫోనును ముట్టుకోకూడదన్నది మొదటి నియమం. ఇళ్లలో మనవలు ప్రేమతోనే ‘ఇటివ్వు తాతయ్యా, నేను చేస్తాను’ అని ఫోను తీసుకుని క్షణంలో పని ముగిస్తారు. పని అవుతుంది గాని తాతయ్యకు ఏమీ రాదు, పైగా తన వల్ల కాదన్న అభిప్రాయం మరింత గట్టిపడుతుంది. తరగతిలో ప్రతి మెట్టును సభ్యులే నొక్కి, తమ దస్తూరీతో నోటుపుస్తకంలో రాసుకునేలా చూశాము. అలా నేర్చుకున్న సభ్యులే తరువాతి వారికి నేర్పారు. సాయానికి వచ్చిన కళాశాల విద్యార్థులకు కృతజ్ఞతలు. అయితే డెబ్బై దాటినవారి సందేహం డెబ్బై దాటినవారికే ముందుగా అర్థమవుతుందని ఒప్పుకోవాలి.

శరీరం సంగతి కూడా చెప్పాలి. వయసుతో వేలికొనలు పొడిబారి, తెర కొన్నిసార్లు స్పర్శను గుర్తించదు. చేయి కొద్దిగా వణికితే ఒక్క నొక్కు రెండవుతుంది. అక్షరాల పరిమాణం పెంచడం, నొక్కి పట్టుకునే వ్యవధిని సెట్టింగ్స్‌లో మార్చడం, తెలుగులో మాట్లాడి టైపు చేయించడం అనే మూడింటితోనే చాలామందికి సగం విసుగు తగ్గింది.

అన్నిటికంటే ఎక్కువ మందిని ఫోను వైపు తిప్పింది లైఫ్ సర్టిఫికెట్టు, అంటే పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా ఇవ్వవలసిన ధ్రువపత్రం. దానిని డిజిటల్‌గా ఇచ్చేందుకు 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ మొదట వేలిముద్ర, కనుపాపల మీద ఆధారపడేది. అరిగిన వేలిముద్రలతో ఒక కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగిన మన సభ్యురాలు ఒకరు, తాను బతికి ఉన్నట్టు తన వేళ్లే ఒప్పుకోవడం లేదని మా ముందు కంటతడి పెట్టారు. 2021 నవంబరు నుంచి ముఖాన్ని గుర్తించే సదుపాయం ఉంది. వరండాలో వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే ఆమె స్వయంగా పని పూర్తి చేశారు. ప్రమాణ్ సంఖ్యతో సందేశం వచ్చాక ఆ ఫోనును అందరికీ చూపించారు. ఆ రోజు తరువాత ఆమె ఒక్క తరగతి కూడా మానలేదు.

మేము ముందుగా ఊహించని అడ్డంకి ఇంకొకటుంది. చాలామంది అమ్మల ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు ఉన్న ఫోను నంబరు కొడుకుది. ఇక్కడ ఉదయం పది గంటలకు ఓటీపీ కావాలంటే అది అమెరికాలోని డాలస్‌లో నిద్రపోతున్న కొడుకు ఫోనుకు వెళుతుంది. తన నంబరు తన పేరున లేనివారికి ఎంత నేర్పినా ప్రయోజనం ఉండదు కనుక, తరగతికి ముందే ఆధార్ కేంద్రానికీ బ్యాంకుకూ తోడు వెళ్లి నంబర్లు మార్పించే పనిని కార్యవర్గం చేపట్టింది.

మోసాల భయాన్ని మేము తక్కువ చేసి చూడలేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలోనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పిన మాటలను తరగతిలో చర్చించాము. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గాని తీసుకోవడానికి అక్కరలేదని, మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలని పదేపదే చెప్పాము. యూపీఐకి కొద్ది మొత్తం ఉంచే వేరే ఖాతా వాడితే నష్టానికి హద్దు ఉంటుందన్న నమ్మకంతో కొందరు ముందుకు వచ్చారు. అనుమానం పెద్దల అజ్ఞానం కాదు, అనుభవం. దాన్ని పోగొట్టాలని చూడకుండా, ఎక్కడ అనుమానించాలో చెప్పడమే మంచిదని మా అభిప్రాయం.

అన్నీ తెలిసి కూడా వద్దన్న సభ్యులున్నారు. వారి నిర్ణయాన్ని గౌరవిస్తున్నాము. బ్యాంకుల్లో, కార్యాలయాల్లో కౌంటరు సేవలు తగ్గించవద్దని కోరుతూ సంఘం తరఫున వినతిపత్రాలు ఇస్తూనే ఉంటాము.

వచ్చే సంవత్సరం మోకాళ్ల నొప్పులున్నవారి కోసం తరగతులను మేడ మీద నుంచి కింది హాలుకు మారుస్తున్నాము. 80 ఏళ్లు దాటిన కేంద్ర పింఛనుదారులు అక్టోబరు 1 నుంచే లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వవచ్చు కాబట్టి వారికి సెప్టెంబరులోనే విడిగా తరగతి ఉంటుంది. పక్కన కూర్చుని ఓపికగా నేర్పగల సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. నేర్చుకోదలచినవారు ఫోను, ఛార్జరు, కళ్లజోడు, ఒక నోటుపుస్తకం తెచ్చుకుంటే చాలు.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున